తేనెకు దిగేవాడికి పైన తాడు పట్టేవాడు కావాలి
గేముల చిప్పులు చేసిన రాజా కోడూరి ఎత్తుపల్లాల నుంచి మన పిల్లలకు నాలుగు మాటలు

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యువత, ఉపాధి గురించి మాట్లాడమని పెద్దలు మాకు చెప్పారు. ఏటా ఈ మాట రాగానే డీఎస్సీ గురించి, గ్రూప్స్ గురించి, కానిస్టేబుల్ పోస్టుల గురించి చెప్తాం. అవి మంచి దారులే, ఇకముందు కూడా చెప్తాం. కానీ ఈమధ్య హాస్టల్లో పిల్లలు అడిగే ప్రశ్నలు మారాయి. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చినవాళ్లు, "మేడమ్, ఈ గేములు ఎవరు తయారుచేస్తారు? మనం చెయ్యగలమా? జీతం ఎంత వస్తుంది?" అని అడుగుతున్నారు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ హాస్టల్లో అడిగినా ఇదే ప్రశ్న. కసిరి కూర్చోబెట్టడం తేలిక. కానీ పిల్లలు అడిగేది న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా న్యాయంగా ఉండాలి కదా.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. గేమ్ ఆడడం వేరు, గేమ్ చెయ్యడం వేరు, డబ్బు పెట్టి ఆడడం పూర్తిగా వేరు. మూడోది మనకు వద్దే వద్దు. ఆన్‌లైన్ రమ్మీ, పేకాట లాంటి వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపుతూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. దాని గురించి ఇంతకంటే మాట్లాడక్కర్లేదు. ఈ రోజు మనం మాట్లాడుకునేది రెండో దాని గురించి, అంటే చెయ్యడం గురించి.

ఇందుకు మన తెలుగువాడి జీవితమే ఒకటి ఉంది. ఆయన పేరు రాజా కోడూరి, గోదావరి గట్టున ఉన్న కొవ్వూరు ఆయనది. దర్శకుడు రాజమౌళి కుటుంబానిదీ అదే ఊరు. రాజా కోడూరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్ చదివారు. ఆయన గేమ్ కథ రాసినవారు కాదు, గేమును తెర మీద గీసే చిప్పు చేసినవారు. కథ ఎంత బాగున్నా ఆ చిప్పు లేకపోతే గేమ్ తెర మీద బొమ్మగా మారదు. దాదాపు పాతికేళ్లకు పైగా ఆ పనిలో ఉండి, యాభై దాటాక ఉద్యోగం వదిలి సొంత సంస్థ పెట్టారు.

ఆ చిప్పు చేసే పని ఏమిటో మన భాషలో చెప్తాం. మార్కాపురం అంటే పలక. దేశంలో ఎంతోమంది పిల్లలు అక్షరాలు దిద్దింది మన రాతి పలకల మీదే. కంప్యూటరు తెరను కూడా ఒక పలక అనుకోండి. మామూలు తెర మీద అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. మొత్తం 20,73,600 చుక్కలు. గేమ్ నున్నగా కదలాలంటే ఈ పలకను సెకనుకు 60 సార్లు తుడిచి, మళ్లీ పూర్తిగా గీయాలి. అంటే ఒక్క సెకనులో 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు లెక్కకట్టాలి. తెలివైన మాస్టారు ఒక్కరే కూర్చుని చేస్తే ఇది తెమిలే పని కాదు. అందుకని వేలమంది పిల్లలను వరసగా కూర్చోబెట్టి, తలా ఒక చిన్న లెక్క ఇచ్చి, అందరిచేతా ఒకేసారి చేయిస్తారు. గ్రాఫిక్స్ చిప్పు అంటే అదే. రాజా కోడూరి విభాగం 2017లో తెచ్చిన వేగా 64 అనే చిప్పులో ఇలాంటి చిన్న లెక్కల యూనిట్లు 4,096 ఉన్నాయి. ఇంత పెద్ద పని వెనక ఉన్నదల్లా మనం తొమ్మిది, పది తరగతుల్లో భయపడే గణితమే. నిర్దేశాంకాలు, త్రికోణమితి, ఇంటర్లో వచ్చే మాత్రికలు. "మేడమ్, సైన్ తీటా, కాస్ తీటా ఎందుకు పనికొస్తాయి" అని అడిగేవాళ్లకు ఇదీ జవాబు. గేములో మీ బండి మలుపు తిరిగిన ప్రతిసారీ లోపల పని చేసేది అవే.

ఇప్పుడు ఆయన ప్రయాణం చెప్తాం. దీన్ని గ్రాఫు గీస్తే మన నల్లమల ఘాటు రోడ్డులా ఉంటుంది.

1996లో అమెరికాలో ఎస్3 గ్రాఫిక్స్ అనే కంపెనీలో చేరారు. అప్పట్లో గ్రాఫిక్స్‌లో దానికి పెద్ద పేరు. కొన్నేళ్లలోనే పోటీలో వెనకబడింది. 2001లో ఏటీఐకి మారారు. 2006లో ఏఎండీ అనే కంపెనీ ఏటీఐని కొనేసింది. కొత్త యజమాని కింద కూడా ఆయన ఎదిగి గ్రాఫిక్స్ విభాగానికి ముఖ్య సాంకేతిక అధికారి అయ్యారు. 2009లో యాపిల్‌కు వెళ్లి గ్రాఫిక్స్ నిర్మాణం చూసుకున్నారు. మ్యాక్ కంప్యూటర్లకు చుక్కలు కంటికి కనపడనంత సన్నటి తెరలు వచ్చిన కాలం అది.

యాపిల్ లాంటి చోట కుదురుకున్నవారు ఎవరైనా కదలరు. ఆయన 2013లో మళ్లీ ఏఎండీకి వెళ్లారు. అప్పుడు ఏఎండీ పరిస్థితి బాగాలేదు. 2015లో దాని షేరు 2 డాలర్ల దిగువకు కూడా పడింది. ఆ ఏడాది సెప్టెంబరులో గ్రాఫిక్స్ కోసం ప్రత్యేక విభాగం పెట్టి ఆయన చేతికిచ్చారు. 2016 జూన్‌లో ఆర్‌ఎక్స్ 480 అనే కార్డు 199 డాలర్లకే తెచ్చారు. ఖరీదైన కార్డులు కొనలేని కుర్రాళ్లకు మంచి గేములు అందాయి. దానికీ ఒక ఇబ్బంది వచ్చింది. అనుకున్నదాని కంటే ఎక్కువ కరెంటు లాగుతోందని పరీక్షించినవాళ్లు పట్టుకున్నారు. వారాల్లోనే సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేశారు. ఆ ఏడాదే 'బాహుబలి' వర్చువల్ రియాలిటీ చిత్రం కోసం ఏఎండీ, ఆర్కా మీడియా వర్క్స్ చేతులు కలిపాయి. అది మంచి కాలం.

తర్వాత పల్లం వచ్చింది. ఎంతో ఊరించిన వేగా 64 కార్డు 2017 ఆగస్టులో విడుదలైంది. పోటీ కంపెనీ ఎన్‌విడియా 2016 మే నెలలోనే తెచ్చిన కార్డుతో అది దాదాపు సమానంగా మాత్రమే నిలిచింది. అంటే ఏడాది పైన ఆలస్యం. పైగా ఎన్‌విడియా కార్డుకు 180 వాట్లు లెక్కైతే దీనికి 295 వాట్లు. గేములాడేవాళ్లు పెదవి విరిచారు. సెప్టెంబరులో ఆయన సెలవు మీద వెళ్లారు. నవంబరులో రాజీనామా చేశారు. ప్రపంచమంతా చూస్తుండగా ఇది జరిగింది. మన ఊళ్లో పది ఫెయిలైతే నాలుగు వీధులకు తెలుస్తుంది. ఆయనది అన్ని దేశాల పత్రికల్లో వచ్చింది.

అయితే ఆ వేగా ఏమైంది? పెద్ద కార్డుగా ఓడిన ఆ డిజైనునే చిన్నది చేసి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో పెట్టారు. కొన్నేళ్లపాటు తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో లక్షల మందికి బొమ్మ చూపించింది అదే. మీలో ఎవరి దగ్గరైనా పాత రైజెన్ ల్యాప్‌టాప్ ఉంటే సెట్టింగుల్లో 'వేగా' అనే పేరు ఉందేమో చూడండి. ఒక పోటీలో ఓడిన పని ఇంకో చోట అన్నం పెట్టింది.

రాజీనామా చేసిన మరునాడే ఇంటెల్ ఆయన్ను ముఖ్య ఆర్కిటెక్ట్‌గా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అప్పట్లో ప్రాసెసర్లలో ఇంటెల్ రాజు, గ్రాఫిక్స్ కార్డుల్లో మాత్రం కాదు. 1998లో ఒకసారి కార్డు తెచ్చి నిలబడలేకపోయింది. తర్వాత లారబీ పేరుతో ఇంకోటి మొదలుపెట్టి 2009లో ఆపేసింది. రెండుసార్లు ఎండిపోయిన చేనిలో మూడోసారి విత్తనం వేసే పని ఆయన మీద పడింది.

2022 అక్టోబరులో ఆర్క్ ఏ770 కార్డు 329 డాలర్లకు వచ్చింది. అనుకున్న సమయం కంటే ఆలస్యమైంది. పాత గేములు సరిగా నడవలేదు. కారణం చిప్పు ఒక్కటే కాదు, డ్రైవరు కూడా. ఇక్కడ డ్రైవరు అంటే బండి నడిపేవాడు కాదు, గేముకూ చిప్పుకూ మధ్య దుబాసీగా ఉండే సాఫ్ట్‌వేర్. మా హాస్టల్‌కు చెంచు పెంట నుంచో, సుగాలి తండా నుంచో ఆరేళ్ల పిల్ల వస్తుంది. బుర్ర చురుకైనదే, కానీ పాఠ్యపుస్తకం భాష తన ఇంటి భాష కాదు. మధ్యలో ఎవరూ అర్థం చేసి చెప్పకపోతే ఆ పిల్ల మొద్దు అని రాసేస్తారు. ఆర్క్ కార్డుకు జరిగింది అదే. తర్వాత నెలల్లో దుబాసీని బాగుచేశారు. అదే చిప్పు, అవే పాత గేములు, వేగం ఎంతో పెరిగింది.

ఆ ఫలితం పూర్తిగా కనపడేసరికి ఆయన అక్కడ లేరు. 2022 డిసెంబరులో ఆయన విభాగాన్ని రెండుగా చీల్చారు. 2023 మార్చిలో ఇంటెల్ వదిలారు. 2024 డిసెంబరులో ఇంటెల్ తెచ్చిన తర్వాతి తరం కార్డు బీ580 ధర 249 డాలర్లు, పరీక్షించినవాళ్లు మెచ్చుకున్నారు. విత్తినవారు ఒకరు, కోసేటప్పుడు ఉన్నవారు వేరొకరు. పెద్ద పనుల్లో ఇది మామూలే. మన వెలిగొండ సొరంగం తవ్వినవాళ్లందరూ ఆ నీళ్లు తాగేదాకా అక్కడే ఉండరు కదా.

ఇంటెల్ నుంచి బయటికొచ్చి గేములు, సినిమాల బొమ్మల కోసం కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ చెయ్యాలని మిహిరా అనే సంస్థతో మొదలుపెట్టారు. 2025 ఆగస్టులో ఆక్స్‌మిక్ ల్యాబ్స్ పేరుతో చిప్పుల డిజైన్ సంస్థను ప్రపంచానికి చూపించారు. అంటే ముప్పై ఏళ్ల కింద ఎస్3లో కొత్త ఉద్యోగిగా ఏ పనిలో అడుగుపెట్టారో ఆ పనికే సొంత సంస్థతో తిరిగొచ్చారు. ఆ సంస్థ ఇంకా మొదటి మెట్ల మీదే ఉంది. అది గెలుస్తుందని మేము మీకు హామీ ఇవ్వం. గెలిచినవాళ్ల కథే చెప్పాలంటే వేరే చాలా ఉన్నాయి. ఈయన కథ చెప్పింది ఎక్కడం, దిగడం రెండూ ఇందులో ఉన్నాయి కాబట్టి.

మామూలుగా ఇలాంటి ప్రసంగాల్లో ఇక్కడ ఆగి, "చూశారా, ఓటమికి భయపడకండి, దూకండి" అంటారు. మేము అలా అనం. మీ హాజరు పట్టీ రాసినవాళ్లం మేము. మీ ఇళ్ల సంగతి మాకు తెలుసు.

మన చెంచు పెద్దలను ఒక విషయం అడగండి. కొండ చరియకు పట్టిన పెద్దతేనె తియ్యడానికి మనిషి తాడు మీద దిగుతాడు. కింద లోయ, చుట్టూ పొగ, ఈగలు. దిగేవాడి ధైర్యం గురించి అందరూ చెప్తారు. పైన తాడు దగ్గర ఎవరు ఉంటారు? బావమరిది. ఎందుకని అడిగితే, దిగినవాడు పడితే విధవయ్యేది తన తోబుట్టువే కాబట్టి అతను తాడు వదలడు అంటారు. దిగేవాడికి ధైర్యం ఒక్కటే ఉంటే చాలదని, తాడు పట్టేవాడు నమ్మకస్తుడై ఉండాలని మన పెద్దలు ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టారు.

ఇప్పుడు ఆ కళ్లతో మళ్లీ చూడండి. రాజా కోడూరి ఏఎండీ నుంచి దిగినప్పుడు ఆయన్ను పట్టిన తాడు ఏది? ఆయన చదివిన చదువు, ఇరవై ఏళ్లు చేసిన పని. కుర్చీ కంపెనీది, విద్య ఆయనది. కుర్చీ పోయినా విద్య పోలేదు. అందుకే మరునాడే ఇంకో తలుపు తెరుచుకుంది.

మీకు తెలిసిన ఇంకో గేమ్ తీసుకుందాం, పబ్‌జీ. దాన్ని రూపొందించిన బ్రెండన్ గ్రీన్ ఐర్లండ్ మనిషి. ఫొటోలు తీశాడు, వెబ్‌సైట్లు డిజైన్ చేశాడు. బ్రెజిల్‌లో ఉన్నప్పుడు ఖాళీ సమయంలో వేరేవాళ్ల గేమును మార్చి, 'చివరికి మిగిలినవాడే విజేత' అనే ఆట కట్టాడు. చేతిలో డబ్బు లేక తిరిగి ఐర్లండ్ వెళ్లి కొంతకాలం ప్రభుత్వ భృతి మీద బతికాడు. తర్వాత కొరియా కంపెనీ పిలిచింది. 2017 మార్చిలో పబ్‌జీ వచ్చింది. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నాడు. అతను జారినప్పుడు పట్టిన తాడు అతని దేశం ఇచ్చిన భృతి.

మన దేశంలోనే చూద్దాం. హైదరాబాద్‌లో ఓగ్రె హెడ్ అనే చిన్న స్టూడియో 2017లో 'అసుర' గేమును కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. పుణెలో నాడింగ్ హెడ్స్ అనే స్టూడియో 'రాజీ' అనే గేమ్ మొదలుపెట్టింది. తమ్ముణ్ని వెతుక్కుంటూ రాక్షసులతో పోరాడే అమ్మాయి కథ అది. చెల్లెళ్లకు ఒక మాట. ఆ స్టూడియో పెట్టినవాళ్లలో శ్రుతి ఘోష్ అనే చిత్రకారిణి ఉన్నారు. గేమ్ పూర్తి చెయ్యడానికి ఇంటర్నెట్‌లో ప్రజలను చందాలు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు సొంత ఫ్లాటు అమ్మి పని ఆగకుండా చూశారు. ఒక పెద్ద విదేశీ గేమ్ కంపెనీ ఇచ్చిన గ్రాంటు కూడా ఆదుకుంది. 2020లో గేమ్ విడుదలై, ఆ ఏడాది ప్రపంచ గేమ్ అవార్డుల్లో తొలి ప్రయత్నాల విభాగంలో నామినేషన్ తెచ్చుకుంది.

ఎంత మంచి కథో కదా. కానీ మన తండాలో అమ్మడానికి ఎవరికి ఫ్లాటు ఉంది? ఉన్న రెండెకరాల మెట్ట అమ్మితే ఇంట్లో అందరూ కూలికి పోవాలి. అందుకే పట్నం పిల్లవాడు పడడం, మన పిల్లవాడు పడడం ఒకటి కాదు. హైదరాబాద్ వెళ్లి, కోర్సు మధ్యలో ఫీజు కట్టలేక తిరిగొచ్చి, ఊళ్లో మొహం చూపించలేక నేరుగా గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయిన పిల్లలను చూశాం. వాళ్లకు తెలివి తక్కువై కాదు, తాడు లేక. ఇది దాచిపెట్టి మీకు ధైర్యం నూరిపోయడం అన్యాయం.

మరి మనలాంటివాళ్లకు దారే లేదా? ఉంది. అది కూడా గిరిజనులు చేసి చూపించిందే. అలాస్కా అని అమెరికాకు ఉత్తరాన మంచు రాష్ట్రం. అక్కడి ఆదివాసుల కోసం యాంకరేజ్ నగరంలో కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే సంస్థ పనిచేస్తుంది. ఎప్పుడూ ప్రభుత్వ గ్రాంట్ల కోసం ఎదురుచూడడం కాదు, సొంత ఆదాయం కావాలి, మన పిల్లలు చూసే తెర మీద మన కథ ఉండాలి అనుకున్నారు. గేమ్ స్టూడియో పెట్టారు, పేరు అప్పర్ వన్ గేమ్స్. అనుభవం ఉన్న ఈ-లైన్ మీడియా అనే కంపెనీతో కలిశారు. ఇన్యుపియాక్ తెగ పెద్దలు, కథలు చెప్పేవాళ్లు, ఊరివాళ్లు దాదాపు 40 మంది ఆ పనిలో పాలుపంచుకున్నారు. నూనా అనే అమ్మాయి, ఒక తెల్ల నక్క కలిసి ఆగని మంచుతుఫాను ఎక్కడ పుడుతుందో వెతుక్కుంటూ వెళ్లే కథ. చెప్పే గొంతు ఇన్యుపియాక్ భాషలోనే ఉంటుంది, ఆడేవాడు కింద అక్షరాలు చదువుకోవాలి. 2014 నవంబరులో 'నెవర్ అలోన్' పేరుతో విడుదలైంది. 2015లో బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ తొలి గేమ్ అయింది.

అందులో మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటి ఉంది. ఆ కథను ఒకప్పుడు చెప్పిన పెద్దాయన చనిపోయారు. స్టూడియోవాళ్లు ఆయన కూతురి దగ్గరికి వెళ్లి, మీ నాన్న చెప్పిన కథను గేముగా మార్చవచ్చా అని అనుమతి అడిగారు. మన పెద్దల దగ్గర పాటలు, కథలు, చెట్ల మందుల సంగతులు రికార్డు చేసుకుని పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. తిరిగి వచ్చి అడిగినవాళ్లు ఎందరు? మన పిల్లలు రేపు మన కథతో ఏదైనా చేస్తే ముందు అవ్వాతాతల దగ్గర కూర్చుని అడగాలి. పేరు వెయ్యాలి. డబ్బు వస్తే వాటా ఇవ్వాలి.

ఆ అలాస్కా కథలో తాడు పట్టింది ఎవరు? సంఘం. ఒక్క మనిషి ఇల్లు అమ్ముకోలేదు. అందరూ కలిసి తాడు పట్టారు, పిల్లలు దిగారు. మన సంఘం ఉన్నది కూడా అందుకే అని మేము నమ్ముతున్నాం.

అందుకని ముగ్గురికి మూడు మనవులు.

మొదట తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ. విద్య ముందు, దూకడం తర్వాత. పదో తరగతి లెక్కలు వదలొద్దు. పది మార్కుల మీద సీటు ఇచ్చే ట్రిపుల్ ఐటీ మన ఒంగోలు పేరుతోనే ఉంది. పాలిసెట్ రాస్తే డిప్లొమా ఉంది. రెండింట్లోనూ ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ సీటు మీ హక్కు, ఎవరో పెట్టే దానం కాదు. చదువు మానేసి గేములు చేస్తామనకండి, చదువుతూ చెయ్యండి. గొడో అనే గేమ్ ఇంజిన్, బ్లెండర్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. పైసా కట్టక్కర్లేదు, దొంగ కాపీ అక్కర్లేదు. మొదటి గేముగా పబ్‌జీ చెయ్యాలనుకోకండి. అది వందలమంది పని. మన పులిజూదం చెయ్యండి. 3 పులులు, 15 మేకలు, గీతలు గీసిన ఒక బండ. పులి ఎప్పుడు దూకొచ్చు, మేకలు ఎలా చుట్టుముట్టాలి, ఎవరు గెలిచినట్టు అనే నియమాలు మీ తాతకు నోటికొచ్చు. వాటిని కంప్యూటరుకు అర్థమయ్యేలా రాయడమే ప్రోగ్రామింగ్. అది పూర్తి చేసి నలుగురి చేత ఆడించండి. పూర్తయిన చిన్న గేమ్ ఒకటి, సగంలో ఆగిన పెద్ద గేములు పదింటి కంటే మేలు. ఉద్యోగం అడిగినప్పుడు చూపించేది అదే.

ఇంకో మాట. ఈ పని అందరికీ కుదరదు. గేముల కంపెనీల్లో ఒక ప్రాజెక్టు ఆగితే ఉద్యోగాలు పోవడం మామూలు. కాబట్టి నేర్చుకునేది గేములకే కాక ఇంకో నాలుగు పనులకు కూడా పనికొచ్చేదై ఉండాలి. ప్రోగ్రామింగ్, త్రీడీ డిజైన్, యానిమేషన్ అలాంటివే. వేగా పెద్ద కార్డుగా ఓడి ల్యాప్‌టాప్‌లో బతికినట్టు, మీ విద్య కూడా ఒక చోట కుదరకపోతే ఇంకో చోట బతకాలి.

రెండోది తల్లిదండ్రులకు. అమ్మా, నాయనా, ఫోను చూస్తున్న పిల్లవాడు చెడిపోతున్నాడనే అనుకోకండి. ఏం చేస్తున్నాడో పక్కన కూర్చుని అడగండి. డబ్బు ఆట అయితే ఆపండి, ఏదైనా తయారుచేస్తుంటే చూపించమనండి. పట్నం వెళ్లిన బిడ్డ పని కుదరక తిరిగొస్తే "పోయినోడు పోయినట్టే వచ్చాడు" అని నలుగురిలో అనొద్దు. పెద్ద పెద్ద కంపెనీల్లో విభాగాలు నడిపినాయనే రెండుసార్లు దిగి వచ్చారు. ఇంటి తలుపు తెరిచి ఉందని తెలిసిన బిడ్డ మళ్లీ ప్రయత్నిస్తాడు. లేదని తెలిసిన బిడ్డ మిరప చేను దాకా వెళ్లి అక్కడే ఆగిపోతాడు.

మూడోది సంఘం పెద్దలకు. మనకు అలాస్కావాళ్లంత డబ్బు లేదు. స్టూడియో పెట్టమని మేము అడగడం లేదు. మార్కాపురంలో ఒకటి, గిద్దలూరులో ఒకటి, కరెంటూ ఇంటర్నెట్టూ ఉన్న గది చూడండి. ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లు మార్చేసిన పాత ల్యాప్‌టాప్‌లు అడిగి తెచ్చి అక్కడ పెట్టండి. ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలు సెలవుల్లో వచ్చి చిన్నవాళ్లకు నేర్పేలా మాట తీసుకోండి. కోర్సు మధ్యలో ఫీజు కట్టలేక ఆగిపోయేవాళ్ల కోసం చిన్న నిధి పెట్టండి, ఎంత చిన్నదైనా సరే. తిరిగొచ్చిన పిల్లల పేర్లు రాసుకుని నెలకొకసారి పలకరించే మనిషి ఊరికొకరు ఉండాలి. ఇవేవీ ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగక్కర్లేనివి.

మా హాస్టళ్ల తరఫున మేము చెయ్యగలిగింది కూడా చెప్తాం. ఆదివారం సాయంత్రం ఒక గంట పెద్దలు వచ్చి కథలు చెప్తామంటే మేము చోటిస్తాం, పిల్లలను కూర్చోబెడతాం. చెంచు కథ చెంచువాళ్లు చెప్పాలి, సుగాలి కథ సుగాలీలో చెప్పాలి, యానాది, ఎరుకల పిల్లల ఇంటి కథలూ రావాలి. పిల్లలు వాటిని రాస్తారు, బొమ్మలు వేస్తారు. ఏదో ఒక రోజు ఆ బొమ్మలు కదులుతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దిగండి. భయపడకుండా దిగండి అని మేము అనం, భయం ఉండాలి, భయం ఉన్నవాడే తాడు ముడి రెండుసార్లు చూసుకుంటాడు. మీ నడుముకు విద్య అనే తాడు కట్టుకోండి. రెండో కొస పట్టుకోవడానికి పైన మేమున్నాం, మీ ఇళ్లున్నాయి, సంఘం ఉంది. తేనె తెచ్చినా, ఒట్టి చేతులతో వచ్చినా పైకి లాగుతాం.

సెలవు.